కుక్క ముట్టని కమ్మలు

మా అత్త ముక్కు మా ఊరు ఇటిక్యాలలో పేరుమోసిన ముక్కు. ఎవరింట్లో ఎండుచేపలు వేయిస్తున్నారో వీధి మొదట్లోనే చెప్పేస్తుంది. అలాంటి మనిషి ఇంట్లో కూర్చుని ఎముకలతో చెవి కమ్మలు చేస్తానన్నాను నేను.

మా ఆయన పట్నంలో మేస్త్రీ పని చేసినన్నాళ్లూ నేను ఒక కార్ఖానాలో ఎముక కమ్మలు చెక్కి మెరుగుపెట్టేదాన్ని. ఊరికి తిరిగొచ్చాక కలుపు తీయడం తప్ప వేరే పని లేదు. చేతిలో ఇంత పనితనం ఉంచుకుని ఒకరి చేలో వంగడం నాకు మింగుడుపడలేదు. గద్వాల అంగట్లో అడిగి బర్రె కాలి ఎముకలు తెచ్చుకున్నాను.

"ఈ బర్రె బొక్కలు గడప దాటొద్దు. ప్రార్థన చేసుకునే ఇల్లు ఇది" అంది అత్త.

"వాసన లేకుండ చేస్త అత్తమ్మా."

"నీ మాట నేను నమ్మ. కుక్క ముట్టకుంటె లోపలికి తే. ముట్టిందా, మల్ల ఆ ముచ్చటెత్తొద్దు."

కార్ఖానాకు ఎముకలు శుభ్రమయ్యే వచ్చేవి. ఆ శుభ్రం చేసే పని నాకేం తెలుసు? పాయా వండినట్టు పెద్ద మంట మీద కుతకుత ఉడికించాను. మూలుగ కరిగి కొవ్వంతా ఎముకలోకే ఇంకింది. చెక్కిన కమ్మను అరుగు మీద పెట్టానో లేదో, మా కుక్క నోట కరుచుకుని పరుగు తీసింది. దాని వెనక నేను, నా వెనక నవ్వుతూ వీధి ఆడవాళ్లు. ఆదివారం చర్చిలో కూడా కుక్కకు కమ్మలు చేసే కోడలని ముసిముసి నవ్వులు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చాక అత్త అంది: "వాళ్లు నవ్వింది నిన్నొక్కదాన్నే కాదు, మన ఇంటిని. ఇంకొక్కసారి చెయ్యి. చేస్తె సక్కగ చెయ్యి."

ఈసారి ముందు తీగతో మూలుగంతా లాగేశాను. సబ్బు నీళ్లలో నానబెట్టి, జిడ్డు తేలినప్పుడల్లా నీళ్లు మార్చాను. సన్నని సెగ మీద, నీళ్లు కుతకుత తెర్లనివ్వకుండా కాచి, నీడలో ఆరబెట్టాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొడి లేవకుండా ఉప్పు కాగితాన్ని నీళ్లలో ముంచి రుద్దాను, మొదట గరుకుది, తర్వాత నున్ననిది. చివరి మెరుగుకు మామ పళ్లు తోముకునే పొడి అంతా అయిపోయింది. ఆయన ఇప్పటికీ అది ఎలకల పనే అనుకుంటున్నాడు.

కుక్క ముందు కమ్మలు పెట్టింది అత్తే. పొద్దున దానికి బువ్వ కూడా వేయలేదు, అంత గట్టి పరీక్ష. అది ఒకసారి వాసన చూసి, బువ్వ కోసం నా ముఖం వైపు చూస్తూ కూర్చుంది. పట్టలేని సంతోషంతో నేను నవ్వేశాను. అత్త మాత్రం కమ్మలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత చెవుల్లోని చీపురు పుల్లలు తీసి పారేసి, వాటిని పెట్టుకుని, నా పనిపీటను తనే లోపలికి మోసింది.

ఆదివారం చర్చిలో అత్త పక్కన కూర్చున్నామె వంగి అడిగింది. "బొక్కలంట గద. వాసన రాదా వదినా?"

"నన్నెందుకు అడుగుతవు" అంది అత్త, తెల్లగా మెరిసే చెవిని ఆమెవైపు తిప్పి. "మా కుక్కనడుగు పో."