గ్లెనిస్ ఇచ్చిన ఉచిత చేప

“పది పౌండ్లు వేస్తే ఇంకో పది ఇస్తారట. ఏదైనా మెలిక ఉంటే మా పాప ఉయ్యాల కోసం దాచిన డబ్బు పోతుందేమో, పిన్నీ!” అన్నాను గ్లెనిస్‌తో, ఫోనులో డబ్బు పెట్టి ఆడే స్లాట్ ఆట చూపిస్తూ.

వేల్స్‌లోని స్వాన్సీలో, మా వీధిలో గ్లెనిస్ ముప్పై ఏళ్లుగా చేపలు వేయించి అమ్ముతోంది. పోయినేడు ఆమె ఇలాంటి బోనస్ తీసుకుని, వేసిన డబ్బు కూడా వెనక్కి తీసుకోలేకపోయింది. ఆమె నేను కొన్న చేప పక్కన ఇంకో చేప పెట్టింది.

“ఇది ఉచితం, పిల్లా.”

చెయ్యి చాపగానే పట్టకారుతో ఒక్కటేసింది. “ముందు వారంలోగా నలభై చేపలు కొని ఇక్కడే తినాలి. అప్పటిదాకా రెండూ నా దగ్గరే ఉంటాయి.”

“మొదటిది నా డబ్బుతో కొన్నదేగా?”

“ఉచితం పక్కన చేరింది కదా, అదీ షరతులోకి పోయింది. వెనిగర్ సీసా వెనక రాశాను. సైన్సు చదివావు, అది చదవలేదా?”

మూల బల్ల దగ్గర ఎమ్రిస్ తాతయ్య బెల్టు వదులు చేసుకుంటూ నిట్టూర్చాడు. “నాకిది పదిహేడో చేప, తల్లీ.”

నేను ఫోను మూసేశాక గ్లెనిస్ నా చేప నాకిచ్చేసింది. ఆ రోజు ఆమె చెప్పిన మాటనే, పాపకు ఎవరైనా బొమ్మ ఇవ్వబోయినా, ఇప్పుడు పాటిస్తున్నాను: “ఉచితమన్నవాణ్ణి, ఇంటికెలా పట్టుకెళ్లాలో ముందు అడుగు.”