ఎర్ర ఓడ సరంగు

రుపెర్తో బర్రీయా చిలీ నౌకాదళంలో సరంగు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఓడ కదిలితే చాలు, వాంతులు చేసుకునేవాడు. పుంత అరేనాస్ రేవులో ఈ సంగతి ఎరగనివాళ్లు లేరు. తోటివాళ్లు అతన్ని ‘బకెట్టు’ అనే పిలిచేవారు.

అతని ఓడ పేరు కాబో నెగ్రో, అంటే నల్ల అగ్రం. ఎక్కడో సముద్రంలోని చమురు బావులకు సరుకులు మోయడానికి కట్టిన ఓడ అది. నౌకాదళం కొని, ముందు భాగానికి మందపాటి ఉక్కు తొడిగి, మంచులో దూరానికి కనబడేలా ఎర్రరంగు పూయించింది. పేరు నలుపు, ఒళ్లు ఎరుపు అని ఊరంతా నవ్వుకుంది. ఏటా డిసెంబరు తర్వాత వచ్చే అక్కడి వేసవిలో దక్షిణ ధ్రువపు శిబిరాలకు తిండీ ఇంధనమూ చేరవేసేది. దారిలో డ్రేక్ జలసంధి రుపెర్తో పేగులు తోడేసేది.

“ఒడ్డున ఏదైనా పని అడగరాదూ?” అనేది భార్య ఎలియానా.

“మంచులోకి వెళ్లాక నీళ్లు పళ్లెంలో పోసినట్టుంటాయి ఎలీ. అది చూశాక కుర్చీలో కూర్చోబుద్ధి కాదు.”

ఒక జనవరిలో ఆ మంచు సముద్రంలో పర్యాటకుల ఓడ రాతికి గుద్దుకుని ఒరిగిపోయింది. దగ్గర్లో ఉన్నది కాబో నెగ్రో ఒక్కటే. ఎదురుగాలిలో అది చేరేసరికి జనం చిన్న పడవల్లో వణుకుతున్నారు. రుపెర్తో తాళ్ల నిచ్చెన దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ చంకల కింద పట్టి పైకి లాగాడు. మధ్యమధ్య పక్కకు తిరిగి కక్కుకుంటూనే ఉన్నాడు. చివరగా ఎక్కిన జపాన్ ముసలావిడ తన మఫ్లర్‌తో అతని మూతి తుడిచి, వీపు నిమిరింది. అందరూ బతికి బయటపడ్డారు.

“ఒరేయ్ బకెట్టూ, పతకం నీకా, ఆవిడకా?” అన్నాడు వంటవాడు ఓస్కార్.

“ఆవిడకే ఇవ్వు. నాకు వేడిగా సూపు పొయ్యి.”

“మళ్లీ కక్కడానికా?”

“ఖాళీ కడుపుతో డోకితే నొప్పిరా.”

కాలం గడిచి ఓడ అడుగు రేకులు పలచబడ్డాయి. ముక్కలు చేయడానికి అమ్మేశారు. దాన్ని లాక్కుపోయే రోజున, అప్పటికే పింఛను తీసుకుంటున్న రుపెర్తో భార్యతో కలిసి ఒడ్డుకు వెళ్లాడు. ముందుగా కన్నీళ్లు పెట్టుకుంది ఎలియానా.

“నువ్వేడుస్తావేంటి? దాన్ని తిట్టని రోజుందా?”

“తిట్టాను. అయినా ప్రతిసారీ నిన్ను తెచ్చి నాకప్పజెప్పింది కదా.”

అతను గాలికి ఎగిరిపోబోతున్న ఆమె టోపీని చేత్తో అదిమిపట్టి, ఓడ కనుమరుగయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.