ఎవరూ లేని గుట్ట

నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం. నవ్వేవాళ్ళు మాత్రం ఇప్పుడే నవ్వేయండి... మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది.

హైటెక్ సిటీలో ఒక పెద్ద హోటల్. పేరు చెప్పను. లాబీ గోడ మీద ఆ హోటల్ చరిత్ర రాసే పని నాకిచ్చారు. బాగా చేస్తే ఉద్యోగం పర్మనెంట్. మొదటి వాక్యం మేనేజర్ చెప్పాడు, నేను నున్నగా దిద్దాను: ‘ఒకప్పుడు ఇక్కడ రాళ్ళు తప్ప ఎవరూ లేరు.’

ఆ హోటల్ ఉన్నచోట గుట్టను పగలగొట్టిన కూలీల్లో మా నాన్న ఒకడు. పేలుడు మందు అంటించేముందు అందరినీ దూరం పొమ్మని కేక వేసేది ఆయనే. నార్సింగిలో మా ఇంట్లో ఆ వాక్యం ఆయనకు చదివి వినిపించాను.

"ఎవ్వరు లేకుంటే గుట్టను ఎవలు కొట్టిన్రే? దయ్యాలా?" అన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు.

అక్షరాలు అతికించడం అయ్యేసరికి రాత్రి ఒంటిగంట. పనివాళ్ళు వెళ్ళిపోయారు. నేనూ, గేటు దగ్గర సెక్యూరిటీ యాదయ్యా మిగిలాం. లాబీ మధ్యలో ఆ గుట్ట బండ ఒకటి అందానికి వదిలేశారు, చుట్టూ దీపాలు పెట్టి. నేను గోడ మీద తప్పులు వెతుకుతున్నాను...

టక్.

ఏసీ అనుకున్నాను. టక్... టక్... కాదు, సుత్తి. బండలోంచే. చేయి ఆనించాను. అంత చలిలో ఆ బండ... వెచ్చగా ఉంది. ఎండకు కాగినట్టు.

చప్పుడు ఆగిపోయింది. అది ఇంకా ఘోరం. చిన్నప్పుడు నాన్నకు సద్ది తీసుకెళ్ళేదాన్ని, నాకు తెలుసు... సుత్తులు ఆగాయంటే రాతి రంధ్రాల్లో మందు కూరుతున్నారని.

అప్పుడు... నా చెవి పక్కనే.

"పేలుతదీ... దూరం పోండ్రీ!"

నాన్న గొంతు. ఇప్పటిది కాదు, అప్పటిది. మళ్ళీ... ఈసారి మెల్లగా, పళ్ళు కొరుకుతూ.

"ఎవ్వరు లేరంటివి గద... మరి నువ్వెవతివే?"

పరిగెత్తాను. చెప్పులు అక్కడే వదిలేశాను. "ఏమైందమ్మా? జర ఆగుండ్రి!" అని యాదయ్య వెనక నుంచి అరుస్తున్నాడు. ఆయనకు ఏమీ వినబడలేదట.

ఇంటికి పోతే అమ్మ తలుపు తీసింది. "మీ నాయినకు ఏమైందో ఏమో... నిద్రల ఒకటే అరుసుడు. గొంతు పోయింది."

నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా ఉత్తకాళ్ళు చూశాడు. "ఏమని అరిచినవే నాయినా?" అన్నాను. దూరం పొమ్మని చేత్తో సైగ చేశాడు... అంతే.

నా తప్పే నన్ను భయపెట్టిందంటారా? అనండి. నాకూ తెలియదు. ఉద్యోగం పర్మనెంట్ అయింది. ఆ వాక్యం గోడ మీద అలాగే ఉంది.

నాన్న గొంతు మాత్రం ఇంకా రాలేదు.