శేషగిరి అంకుల్ మూకీ సినిమాలు

చలి మొదలై ఇంట్లో హీటర్ తొలిసారి వేసిన రోజున కాలిన దుమ్ము వాసన వస్తుంది. మా ఆయన కిటికీలు తీయబోతారు. నేను తీయనివ్వను. అది శేషగిరి అంకుల్ పాత సామాన్ల గరాజ్ సేల్‌లో కొన్న ప్రొజెక్టర్ వేడెక్కినప్పటి వాసన.

అంకుల్ రిటైరైన ఇంజనీరు. అమెరికాలో, షామ్‌బర్గ్‌లో మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో ఆదివారం మధ్యాహ్నాలు పాత హాలీవుడ్ మూకీలు వేసేవారు. పిల్లల దగ్గరికి ఆరు నెలలు ఉండడానికి వచ్చిన పెద్దవాళ్లే ప్రేక్షకులు. ఇంగ్లీషు రాకపోయినా అర్థమయ్యే అమెరికా ఇదొక్కటేనని ఆయన వాదన. బొమ్మ మధ్యలో తెరమీద పడే ఇంగ్లీషు కార్డులను తెలుగులో చదివే పని నాకు అప్పగించారు. అప్పటికి నా ఎమ్మెస్ అయిపోయింది. వీసా గడువులోగా ఉద్యోగం రాకపోతే దేశం వదలాలి. ఇంటర్వ్యూలన్నీ పోతున్నాయి, తిండి సయించడం లేదు.

మొదటి ఆదివారమే నేను రెచ్చిపోయాను. మన సినిమా హాళ్లలో పక్క సీటాయన కథంతా ముందే చెప్పేస్తాడు చూడండి, అచ్చం అలాగే. తెరమీద గోడకు రంగు వేసేవాడు నిచ్చెన దిగుతున్నాడు, కింద రంగు డబ్బా ఉంది. "చూడండి, కాలు అందులోనే పెడతాడు!" అన్నాను. పెట్టాడు. ఒక్కరూ నవ్వలేదు.

అంకుల్ ప్రొజెక్టర్ ఆపేశారు.

"ఏమ్మా, వాడు పడకముందే నువ్వు పడేశావేంటి?"

"వాళ్లకి అర్థం కాదేమోనని, అంకుల్."

"వాళ్లకి కళ్లున్నాయి తల్లీ. కార్డు చదువు, ఊరుకో. నవ్వు రావడానికి కొంచెం టైమ్ పడుతుంది."

ఊరుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. తర్వాత ఒక విషాద చిత్రం వేశారు. భర్త వస్తాడని కొత్త టోపీ పెట్టుకుని స్టేషన్‌లో నిలబడ్డ ఆమె, రైలు వెళ్లిపోయాక ఆ టోపీ తీసి చేతిలో పట్టుకుంది. అక్కడ కార్డు లేదు. నేను పెదవి కొరుక్కుని కూర్చున్నాను. వెనక వరుసలో ఒక మామ్మగారు "అయ్యో, రాలేదమ్మా!" అన్నారు. అది నేనే చెప్పేసి ఉంటే ఆ దుఃఖం ఆవిడకు దక్కేది కాదు.

ఆ రోజు కుర్చీలు మడుస్తూ నా గోడు వెళ్లబోసుకున్నాను.

"ఇంటర్వ్యూలో ఆన్సర్ చెప్పాక వాళ్లేమీ అనకపోతే భయమేస్తుంది అంకుల్. ఇంకేదో వాగేస్తాను. అక్కడే రిజెక్ట్ చేస్తారు."

"ఇక్కడ ఊరుకున్నావుగా ఇవాళ?" అన్నారాయన.

తర్వాతి ఇంటర్వ్యూ ఫోన్‌లో. జవాబు చెప్పి ఆగాను. అవతల చప్పుడు లేదు. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. "క్లియర్‌గా చెప్పారు" అన్నాడు అవతలి మనిషి, చివరికి. ఆ వారమే ఉద్యోగం వచ్చింది. పరుగున వెళ్లి చెబితే, ఎప్పుడూ ఏదో ఒకటి అనే అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. కృతజ్ఞత అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

అంకుల్ ఇప్పుడు లేరు. ఇంటర్వ్యూలు నేనే చేస్తున్నాను. మొన్న ఒక అమ్మాయి తప్పు జవాబు చెప్పి, నా మొహం చూసి బిగుసుకుపోయింది. సాయం చేద్దామని ప్రాణం కొట్టుకుంది, అయినా నోరు తెరవలేదు. కాసేపటికి తనే తేరుకుని "మళ్లీ చెబుతాను" అంది. ఈసారి సరిగ్గా చెప్పింది. శేషగిరి అంకుల్ ఎవరో ఆ అమ్మాయికి తెలియదు. ఆ కాసేపు ఆమెకు ఇచ్చింది మాత్రం ఆయనే.