కుట్టేసిన పేజీలు

మా నాన్నగారు ఏ లెక్కల పుస్తకం తెచ్చినా ముందు దబ్బనం అందుకునేవారు. వెనక జవాబులున్న పేజీలన్నిటినీ కలిపి, పక్క అంచు వెంబడి మూడు కుట్లు వేసి ముడి బిగించేవారు. మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసినన్నాళ్ళూ ఆయనకదే అలవాటు. అధ్యాయం మొత్తం చేశాకే ముడి విప్పుతారు. సరిచూడటం కాగానే మళ్ళీ కుట్టేస్తారు.

డెబ్బైల్లో, నేను బి.కాం. ముగించిన ఏడు, మద్రాసు నుంచి తెప్పించిన పుస్తకానికీ ఆ మూడు కుట్లు పడ్డాయి. అది మేనేజ్‌మెంట్ చదువుకు ప్రవేశపరీక్ష పుస్తకం. ఆ పరీక్షకు తర్ఫీదు ఇచ్చేవాళ్ళెవరూ అప్పట్లో బెజవాడలో మాకు తెలియదు. పటమటలో మా ఇంటి వరండాలోనే ఒక బల్ల, దాని మీద నాన్నగారి చేతిగడియారం, అటూ ఇటూ నేనూ నా స్నేహితుడూ. లెక్కకు ఒకటిన్నర నిమిషం.

నా స్నేహితుడిది చల్లపల్లి దాటి ఇంకో బస్సు మారితే వచ్చే సముద్రపు పల్లె. వాళ్ళింట్లో అందరూ చేపలవేట వాళ్ళే. ఈ పరీక్ష రాయకపోతే వచ్చే వేట నుంచి తనతో పడవెక్కాల్సిందేనని వాళ్ళ నాన్న చెప్పేశాడు. వాడు ఫారం నింపి ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు. లెక్కల మీద ధైర్యం కుదిరాక పంపుతానన్నాడు.

నాకు ధైర్యం అసలే లేదు. గడియారం చూస్తే చాలు, అంకెలు అలికినట్టయ్యేవి. లెక్కల మాస్టారి కొడుక్కి లెక్కలు రావన్న మాట ఎవరి నోటివెంట వస్తుందోనని పొద్దున లేస్తూనే పుస్తకం ముందేసుకునేవాణ్ణి. అలాంటి ఒక పొద్దున కనిపెట్టాను. కుట్లు పక్కనే ఉన్నాయి, పైఅంచు తెరిచే ఉంది. పేజీలను కాస్త వంచితే గొట్టంలా నిలబడతాయి. ఒక కన్ను మూసి ఆ గొట్టంలోకి చూస్తే జవాబులు కనబడతాయి. ఆ సమయంలో నాన్నగారు లోపల మోకాళ్ళ మీద ఉండి, నా పరీక్ష కోసమే ప్రార్థన చేస్తుండేవారు.

ఆ రోజు నుంచి నేను వాడికంటే ముందే జవాబు చెప్పేవాణ్ణి. కుట్లు విప్పి చూసినప్పుడల్లా నాదే సరి. "బుర్రంటే నీదిరా," అనేవాడు నా స్నేహితుడు. వాడు నన్ను నమ్మేకొద్దీ నాకు భయం పెరిగింది. భయం పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ చూశాను.

ఒకరోజు పడవ లెక్క వచ్చింది. ఒక పడవ కొంత దూరం ఏటికి ఎదురు ముప్పై ఆరు గంటల్లో, అదే దూరం వాలున పన్నెండు గంటల్లో వెళుతుంది. నిలకడ నీటిలో ఎన్ని గంటలు పడుతుంది?

"పద్దెనిమిది," అన్నాడు వాడు. నిమిషం కూడా కాలేదు.

నేను పొద్దున చూసింది పదహారు. "పదహారు," అన్నాను.

"ఎట్టారా? దూరం ముప్పై ఆరు మైళ్ళనుకో. ఎదురైతే గంటకి మైలు, వాలుకి మూడు. నీళ్ళ తోపు తీసేస్తే రెండు. పద్దెనిమిదేగా?"

వాడు చెప్పింది సబబుగానే ఉంది. కానీ నేను వాడి మాట కంటే ఆ గొట్టాన్నే నమ్మాను.

"దానికో షార్ట్‌కట్ ఉందిలే."

"అదే చెప్పరా బాబూ."

"చెప్పినా నీకెక్కదు. పడవ నడపడం వేరు, పడవ లెక్క వేరు."

వాడు నవ్వేశాడు. కానీ మూడు రోజులు ఆ లెక్క వదల్లేదు. కుళాయి దగ్గర బిందె నిండి పొర్లుతున్నా వేళ్ళు మడుస్తూ నిలబడ్డాడు. మూడోనాడు పెన్సిలు బల్ల మీద పెట్టి, "పడవ లెక్కే తప్పాక ఇంకేం రాస్తాన్రా," అన్నాడు. నాలుగోనాడు వాడి అద్దెగదికి తాళం. ఊరికి వెళ్ళిపోయాడు. వాడి నోటుబుక్కు మా వరండాలోనే ఉండిపోయింది.

ఆ వారం చివర నాన్నగారు కుట్లు విప్పారు. నా లెక్కలన్నీ సరి. వాడి నోటుబుక్కులో పడవ లెక్క దగ్గర ఆగారు. పలక తీసుకుని తానే చేశారు. రెండోసారి కూడా చేశారు.

"పద్దెనిమిదేరా. పుస్తకంలో తప్పు పడింది," అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "మరి నీకు పదహారెలా వచ్చింది?"

నా చూపు పుస్తకం పైఅంచు మీదికి పోయింది. ఆయన పేజీలను చేత్తో వంచి, పైఅంచులోంచి ఒకసారి చూసి, పుస్తకం కింద పెట్టారు. కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది.

"ఫారం చేరడానికి ఇంకా ఐదు రోజులుంది. ఇవాళే బస్సెక్కు. నీ నోటితో నువ్వే చెప్పు," అన్నారు.

నేను ఆ రోజు బస్సెక్కలేదు. తలనొప్పన్నాను. మర్నాడు ఆదివారం, ఆరాధనకు గుడికెళ్ళాలన్నాను. సోమవారం బస్టాండు దాకా వెళ్ళి, బస్సు కదిలేదాకా చూసి వెనక్కి వచ్చాను. వాడి మొహం చూడలేక మాత్రమే కాదు. వాడు ఫారం పంపి, పరీక్ష రాసి, నాకంటే బాగా రాస్తాడని కూడా భయపడ్డాను. ఈ మాట నాన్నగారికి ఏనాడూ చెప్పలేదు.

మంగళవారం వెళ్ళాను. వాడు ఇసుకలో కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు. నిలబడే అంతా చెప్పాను. విన్నాడు.

"అయితే పద్దెనిమిదే," అన్నాడు.

"పద్దెనిమిదే."

"చూశావా, పడవ లెక్క తప్పుతుందేంట్రా నాకు!" వాడి మొహం ఒక్క క్షణం వెలిగింది.

"ఫారం పంపరా. ఇంకా రెండు రోజులుంది."

"ఇక్కడ డబ్బాలో వేసింది బందరు చేరడానికే రెండు రోజులు." వాడు నన్ను తేరిపార చూశాడు. "మాస్టారికి ఎప్పుడు తెలిసింది?"

"శనివారం."

వాడు వేళ్ళు మడవలేదు. ఆ లెక్కకు అవసరం లేదు. వల మీదికి తలవంచి ఒక ముడి బిగించాడు.

ఇంతలో వాళ్ళమ్మ గుడిసెలోంచి బయటికి వచ్చింది. "నువ్వేనా బాబూ మావోడికి లెక్కలు చెప్పేది? రోజూ నీ మాటే చెప్తాడు. రా, ఎండన పడొచ్చావు, అన్నం తిను."

నేను వాడి వైపు చూశాను. చెప్పేస్తాడేమోననుకున్నాను.

"తిని వెళ్ళరా," అన్నాడు వాడు, తల ఎత్తకుండా. "అమ్మకేం చెప్పకు."

ఆవిడ పులుసులోంచి నడిమి ముక్కలు ఏరి నా పళ్ళెంలో వేసింది. వాడికి తలకాయా తోకా మిగిలాయి. ఆ మధ్యాహ్నం వద్దనడానికి నాకు నోరు రాలేదు. ముళ్ళు తీసుకుంటూ, మొత్తం తిన్నాను.