అరవై కాదు, నలభై ఎనిమిది

నా చిన్నప్పుడు పన్నెండు వరకూ లెక్కపెట్టడానికి నాకు ఒక్క చెయ్యి చాలేది. ఆ విద్య మేమంతా ఖాలా (ఉర్దూలో పిన్ని) అని పిలిచే మా పక్కింటావిడ నేర్పింది. లాడ్ బజార్ వెనక గల్లీలో మాది పాల వ్యాపారం, ఆమెది గాజుల వ్యాపారం. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులనూ ఒక్కొక్కటిగా తాకుతూ పోతే పన్నెండు, అంటే ఒక డజను. డజను పూర్తయినప్పుడల్లా రెండో చేతిలో ఒక వేలు ముడవాలి. ఐదు వేళ్లూ ముడిస్తే అరవై. కాగితం లేకుండా అరవై దాకా లెక్కపెట్టగలనని నేను గల్లీ అంతా గొప్పలు చెప్పుకున్నాను.

ఖాలాకు అరవై అంటే ప్రాణం. పేరంటానికి ఎంతమంది వస్తారో తెలియని ఇంటికి అరవై గాజులే పట్టుకెళ్లేది. ఇద్దరొచ్చినా, ముగ్గురొచ్చినా, నలుగురు, ఐదుగురు, ఆరుగురు వచ్చినా సమానంగా పంచవచ్చు. ఏడుగురొస్తే మాత్రం అరవై మొండికేస్తుంది. అప్పుడు ఖాలా పాపం దానిదేం తప్పన్నట్టు నవ్వేసి, సంచిలోంచి మరికొన్ని తీసేది.

మా అక్క శ్రీమంతానికి నాయనమ్మ ఐదుగురు ముత్తయిదువలను పిలిచింది. ఐదు మంచి సంఖ్య అని ఆవిడ పట్టు. మా చిన్నమ్మ ఆ లెక్కలో లేదు. చిన్నమ్మ భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. అమ్మ గేదెల దగ్గర ఉంటే అక్కను ఎత్తుకుని పెంచింది ఆమే. ఆ రోజు తెల్లవారినప్పటి నుంచి వంటంతా ఆమే చేసింది, అయినా శుభకార్యం జరిగే గదిలోకి రాకూడదట. నాకు ఒళ్లు మండిపోయింది. నాయనమ్మను అడిగితే పెద్దల విషయాల్లో నోరు పెట్టొద్దని కసిరింది. ఖాలా ఇంటికి పోయి, ఆమెతో పాటు గాజులు గుచ్చుతూ అంతా చెప్పి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, కోప్పడలేదు. వచ్చేది ఐదుగురేనా అని మాత్రం అడిగింది.

సాయంత్రం ఖాలా వచ్చి అక్క చేతులకు మోచేతి దాకా గాజులు తొడిగింది. తరువాత ముత్తయిదువల కోసం మలారం విప్పింది. తాడుకు గుచ్చిన గాజుల కట్టనే మలారం అంటారు. ఒకసారి ముడి విప్పితే అందులో ఒక్క గాజు కూడా మిగలకూడదని, మిగిలితే పుట్టబోయే బిడ్డకు అరిష్టమని మా ఇంట్లో గట్టి నమ్మకం.

నేను అలవాటుగా కణుపుల మీద లెక్కపెట్టాను. నాలుగు వేళ్లే ముడుచుకున్నాయి. నలభై ఎనిమిది! పొద్దున నేనే గుచ్చిన ఐదో డజను ఏమైంది? నోరు తెరవబోతే ఖాలా నా చెయ్యి గట్టిగా నొక్కింది.

అమ్మ పంచి చూసింది. తొమ్మిదేసి వేస్తే మూడు మిగిలాయి. పదేసి వేస్తే చివరి ఆమెకు ఎనిమిదే వచ్చాయి. ఎవరికి తగ్గించినా లొల్లే. ఆ రోజు ఖాలా సంచిలో విడి గాజుల్లేవు, ఇంకో మలారం విప్పితే అందులోవీ మిగలకూడదు. అక్క చేతుల్లో ఇక చోటు లేదు, పంచే అమ్మా పేరంటానికి పిలిచిన నాయనమ్మా తామే తీసుకోకూడదు. నాయనమ్మ ముఖం మాడిపోయింది.

"ఫికర్ ఎందుకక్కా, ఇంకొక్క మనిషి ఉంటే బరాబర్ అయితది. మనిషికి ఎనిమిది," అంది ఖాలా నాయనమ్మతో, ఏమీ ఎరగనట్టు.

"ఇప్పటికిప్పుడు ఇంకొకామెను యాడికెల్లి తేవాలె?" అంది నాయనమ్మ.

వంటింటి తెర వెనక నుంచి చిన్నమ్మ తొంగి చూస్తోంది. అక్క అటే చూస్తూ, "చిన్నమ్మ ఉన్నది గదా. నన్ను సాదింది ఆమెనే," అంది.

నాయనమ్మ గాజుల వంకా, తెర వంకా మార్చి మార్చి చూసింది. చివరికి ఆవిడ, "ముడి ఇప్పినంక మిగలొద్దు. పిలువుండ్రి దాన్ని," అని ముఖం పక్కకు తిప్పుకుంది. కళ్లు తుడుచుకుందని అక్క ఇప్పటికీ అంటుంది, నేనైతే చూడలేదు.

చిన్నమ్మ తడి చేతులు కొంగులో దాచుకుంటూ వచ్చి కూర్చుంది. ఖాలా ఆ చేతులను తన ఒళ్లోకి తీసుకుని, చేతికి నాలుగు చొప్పున ఆకుపచ్చ గాజులు తొడిగింది. "జర బిగుతుగున్నయ్. తియ్యబోతే పలుగుతయ్, చూసుకో," అని నాయనమ్మకు వినపడేలా హెచ్చరించింది. మరునాడు మా వంటింట్లో గిన్నెలతో పాటు గాజులూ మోగుతుంటే నాకు చెప్పలేనంత సంతోషమేసింది.

ఐదో డజను ఎందుకు ఇంట్లో వదిలి వచ్చావని ఖాలాను తరువాత అడిగాను. "అరవై తెస్తే ఐదుగురికి సరిపోతుండె బేటా. ఇగ ఆరో మనిషిని ఎవరు దేవులాడుతుండె?" అంది. నలభై ఎనిమిది రెండుకు, మూడుకు, నాలుగుకు, ఆరుకు లొంగుతుంది కానీ ఐదుకు లొంగదని అప్పుడు నా కణుపులు నాకు చెప్పాయి.

ఇప్పుడు నాకు మనవలున్నారు. మిఠాయి డబ్బా తెరిస్తే నా బొటనవేలు దానంతటదే కణుపుల మీద నడుస్తుంది. సమానంగా పంచాక ఏమైనా మిగిలితే వాళ్లు నాకంటే నాకని కొట్టుకుంటారు. నేను మాత్రం లేచి ఒకసారి వంటింట్లోకి తొంగి చూస్తాను.