మా ఊరి మీదుగా పోయిన నీడ

అమీర్‌పేటలో మెట్రో మారుతుంటే ఎవరి సంచిలోంచో పులిహోర వాసన వచ్చింది. ఇంగువ కాస్త ఎక్కువ. వసుంధర గారి డబ్బా మూత తీసినప్పుడు అచ్చం ఇలాగే ఉండేది. పంజాగుట్టలో ఆమె నడిపిన చిన్న అకౌంట్స్ ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేశాను. ఇంటర్ తప్పి, లెక్కలు సొంతంగా నేర్చుకున్న నన్ను డిగ్రీ అడగకుండా పెట్టుకున్నారు. రాజమండ్రి మనిషి. ఇప్పుడు లేరు.

భోజనాల వేళ ఎవరో ఒకరు ఇంటర్నెట్‌లో చూసిన వింత చెప్పాలి. చెప్పి ఊరుకుంటే ఒప్పుకునేవారు కాదు. "బాగుందండీ. లెక్కకు నిలుస్తుందా?" అనేవారు. పల్చటి కాగితాన్ని నలభై రెండు సార్లు మడవగలిగితే దాని మందం చంద్రుణ్ణి దాటిపోతుందని ఒకసారి నేనన్నాను. అన్నం చల్లారుతున్నా నాచేత రెట్టింపులు వేయించారు. నిజంగానే దాటింది. ఆమె ముద్ద చేతిలోనే పెట్టుకుని నా లెక్క వంక చాలాసేపు చూశారు.

మరోరోజు ఆమే ఒకటి తెచ్చారు. ఇరవై ముగ్గురు ఒకచోట చేరితే, వారిలో ఎవరో ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి పైనేనట. మా అంతస్తులో వాళ్ళందరినీ అడిగాం. కలవడం కాదు, జూన్ ఒకటి దగ్గర జాతర జరిగింది. ఆమె పగలబడి నవ్వారు.

"ఇవి బళ్ళో మాస్టర్లు వేసిన తేదీలండీ. మనల్ని కన్నది అమ్మలా, హెడ్మాస్టర్లా? మల్లేశం గారూ, మీ అసలుది చెప్పండి," అని నావైపు తిరిగారు.

"తెల్వదు మేడం. శివరాత్రి అయినంక, పట్టపగలే చీకటై కోళ్ళు గంపల కిందికి పోయినయట. గప్పుడు పుట్టిన్నట. ఇంకా అడిగితే అమ్మ మాట మారుస్తది."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఏ ఊరండీ మీది?"

"నల్గొండ దిక్కు."

డబ్బా పక్కకు జరిపి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. కాసేపటికి నన్ను పిలిచారు. పంతొమ్మిది వందల ఎనభై, ఫిబ్రవరి పదహారు, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణం. పటంలో పడమటి సముద్రం నుంచి ఒక నల్లటి పట్టీ వచ్చి, సరిగ్గా మా ఊరి మీదుగా తూర్పుకు పోయింది. ఒకేచోట మళ్ళీ అలాంటి చీకటి పడాలంటే సగటున మూడు నాలుగు వందల ఏళ్ళు పడుతుందట. నేను పుట్టిన పూట చంద్రుడి నీడ విమానం కన్నా వేగంగా మా ఇంటికప్పు దాటిపోయింది.

"అమ్మగారికి ఫోన్ చెయ్యండి. అన్నం తర్వాత తిందురుగాని," అన్నారు వసుంధర గారు.

ఫోన్ చేసి ఆ తేదీ, గ్రహణం సంగతి అమ్మకు చెప్పాను. అమ్మ నెమ్మదిగా చెప్పింది: "నువ్వు పుట్టిన వారానికే మీ తాత పోయిండు బిడ్డా. గా చీకట్ల కని, ఇంటికి కీడు తెచ్చిన అని నన్నే అన్నరు. అందుకే బడిల వేరే తారీఖు రాయించిన."

"గది మన కోసం రాలేదే అమ్మా. సముద్రం మీదికెళ్ళి వచ్చి, మన ఊరు దాటిపోయింది. నేను పుట్టకున్నా వచ్చేదే. ముందే లెక్కగట్టి పెట్టిన్రు."

"మస్తుమందికి చీకటైందా?"

"లక్షల మందికి."

"మరి నన్నొక్కదాన్నే ఎందుకన్నర్రా?"

వసుంధర గారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

కాగితాల్లో నేనింకా జూన్‌లోనే పుడుతున్నాను. ఫిబ్రవరిలో మాత్రం ఆ రోజు అమ్మే ముందు ఫోన్ చేస్తుంది. ఆకాశం ఎట్లా నల్లబడిందో, కోళ్ళు ఎట్లా తికమకపడ్డాయో మొదటి నుంచి చెబుతుంది. ఆ కథ చెప్పడానికి ఇప్పుడు ఆమె మాట మార్చదు, గొంతు తగ్గించదు.